విశాఖ మహారాణిపేట సందులో కొన్న షుగర్ చెప్పులు, ఒక వానాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను, చెప్పులు బాగున్నాయి. చూపుకి అందంగా ఉండవు, చవకా కాదు, పెళ్ళికి వేసుకెళ్తే మా ఆడపడుచు రెండు రోజులు ఏడిపించే రకం. అయినా షుగర్ ఉండి అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్న ఎవరికైనా కొనుక్కోమనే చెప్తాను. ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో కింద రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను టీచర్ని. షుగర్ వచ్చి పదేళ్ళు దాటింది, మాత్రలతోనే నడుస్తోంది, రోజులో సగం నిలబడే పని. సాయంత్రానికి అరికాళ్ళ మంట, రాత్రి పడుకున్నాక చీమలు పాకుతున్నట్టు ఉండటం, చాలామందికి తెలిసిన గొడవే ఇది. ఈమధ్య మారిన డాక్టరు గారు రిపోర్టులు చూసి ఊరుకోలేదు, చెప్పులు విప్పి మంచం ఎక్కమన్నారు. ఇన్నేళ్ళలో నా కాళ్ళు చూసిన డాక్టరు ఈయనే మొదలు. రక్తం అడుగుతారు, మూత్రం అడుగుతారు, కళ్ళు చూపించుకున్నారా అంటారు, కాళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

సిస్టర్ చేతిలో పెన్నంత పుల్ల, దాని చివర సన్నటి నైలాన్ దారం. మోనోఫిలమెంట్ అంటారు. పాదానికి ఆనించి దారం వంగేదాకా నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది, ఆ మాత్రం కూడా తెలియకపోతే రాయి గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా కాలికి కబురు అందదన్నమాట. "కళ్ళు మూసుకోండమ్మా, తగిలినప్పుడల్లా ఆఁ అనండి" అంది. మడమ దగ్గర ఆఁ, చిటికెన వేలి దగ్గర ఆఁ, తర్వాత ఎంతసేపటికీ ఏమీ లేదు, అయిపోయిందేమో అని కళ్ళు తెరిచి చూస్తే కుడికాలి బొటనవేలి మొదట్లో దారం వంగిపోయి ఉంది, ఆవిడ నొక్కుతూనే ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత ట్యూనింగ్ ఫోర్కు పెట్టి అదురు తెలుస్తోందా అని చూశారు, పాదం మీద నాడి పట్టి చూశారు, రక్తం బాగానే పారుతోందన్నారు. చీటీలో మందుల కింద "ఎంసీఆర్ చెప్పులు, వెనక బెల్టుతో" అని రాసిచ్చారు. ఎంసీఆర్ అంటే ఒక రకం మెత్తటి రబ్బరు, దాని సంగతి కింద రాస్తాను.

ఇక షాపు. జగదాంబ దగ్గర పెద్ద పెద్ద చెప్పుల షాపుల్లో అడిగి చూశాను, ఎంసీఆర్ అనగానే "డాక్టర్ చెప్పులా మేడమ్" అని మెత్తటి హవాయి చెప్పులు తీసి ముందు పడేస్తున్నారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు, పెద్దవాళ్ళలో 100కి 11 మంది పైనే. ఇంతమంది ఉన్న దేశంలో కాలికి సరైన చెప్పు కావాలంటే ఆసుపత్రి చుట్టూ ఉన్న సందులు వెతుక్కోవాలి. చివరికి కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర, మహారాణిపేట వైపు, కాలికి కట్టే క్యాలిపర్లు, నడుం బెల్టులు అమ్మే ఒక చిన్న కొట్లో దొరికాయి. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ కొట్టు పెద్దాయన మీద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

నచ్చిన సంగతి ముందు. వెళ్ళగానే సైజు చెప్పబోతే పెద్దాయన ఆపేశారు. "సైజు నేను సెప్తానమ్మా, ముందు మీరు కాలెట్టండి." సిరా పూసిన రబ్బరు పొర, దాని కింద తెల్లకాగితం. దాని మీద మామూలుగా ఒక అడుగు వేసి దాటమన్నారు. కాగితం తీసి చూపిస్తే నా పాదం ముద్ర పడింది, మడమ దగ్గర బూడిద రంగు, మధ్యలో దాదాపు ఏమీ లేదు, బొటనవేలి మొదట్లో మాత్రం నల్లగా ముద్దకట్టి ఉంది. బరువంతా దిగేది అక్కడేనట. సరిగ్గా సిస్టర్ నొక్కినా నాకు తెలియని చోటు. బరువు ఎక్కువ పడే చోటే స్పర్శ కూడా పోతే ముందు ఆనెకాయ కడుతుంది, ఆ గట్టిపడిన తోలు కింద కండ నలుగుతుంది, లోపల రక్తం చేరుతుంది, పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు పగిలి పుండవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో 100కి 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు రావచ్చని 2017లో ఒక పెద్ద వైద్య పత్రికలో లెక్క వేశారు. వేళ్ళు తీసేయించుకున్నవాళ్ళు మన చుట్టాల్లోనే ఉంటారు, "గోరుచుట్టు అనుకున్నాం" అనే మొదలవుతుంది ప్రతి కథా.

ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు. లోపల కంటికి కనపడనంత చిన్న గాలి గదులుంటాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే దిగుతుంది, వదిలితే వెంటనే పైకొస్తుంది. దీనికీ ఆన్‌లైన్లో దొరికే మెత్తటి స్లిప్పర్లకీ తేడా అక్కడే ఉంది. ఆ స్లిప్పర్లు షాపులో వేసుకుంటే హాయిగా ఉంటాయి, నాలుగు వారాలు తిరిగేసరికి బరువు పడే చోట గుంట పడి అణిగిపోతాయి, అంటే కావలసిన చోటే మెత్తదనం ఉండదు. నా పాతవి తీసుకెళ్ళి చూపిస్తే పెద్దాయన ఆ గుంటలో వేలు పెట్టి నవ్వారు. ఎంసీఆర్ పొర మెత్తన, కింది అట్ట మాత్రం గట్టిది, మేకు దిగకుండా. చెప్పు మొత్తంలో ఒక్క మేకు కూడా కొట్టరు, కుట్టడం, అతికించడం అంతే, ఎందుకంటే లోపలి మేకు పైకి లేస్తే మనకి తెలియదు. వేళ్ళ మధ్య పట్టుకునే పట్టీ ఉండదు. పైన రెండు వెడల్పు పట్టీలు, వెనక బెల్టు, మూడింటికీ వెల్క్రో, సాయంత్రం కాలు ఉబ్బితే వదులు చేసుకోవచ్చు. వెనక బెల్టు ఎందుకంటే, స్పర్శ తగ్గిన కాలు చెప్పు జారిపోతున్నా కనిపెట్టలేదు, దాన్ని పట్టుకోడానికి తెలియకుండానే వేళ్ళు ముడుచుకుంటాం, అదో కొత్త ఒరిపిడి. హవాయి చెప్పు ఒకచోటా మనం ఒకచోటా నడుచుకుంటూ పోయే పెద్దవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

నడకకి బాగున్నాయి. పొద్దున్న బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే వేళకి వెళ్తుంటాను, కోస్టల్ బ్యాటరీ నుంచి పార్కు హోటల్ దాకా వెళ్ళి రావడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇసకలోకి మాత్రం దిగకండి, లోపలికి ఇసక చేరి పట్టీల కింద ఒరుసుకుంటుంది. అలా అని చెప్పులు చేత్తో పట్టుకుని ఉత్తికాళ్ళతో దిగితే ఇంకా ఘోరం, గాజుపెంకులు, గవ్వముక్కలు, ఎండ ఎక్కాక కాలే ఇసక. వేడి తెలియని కాలికి బొబ్బలు లేచాకే తెలుస్తుంది.

మొదటి రోజే ఊరంతా తిరగొద్దన్నారు పెద్దాయన, అది బంగారం లాంటి మాట. ఇంట్లో ఒక అరగంట వేసుకోవడం, విప్పి ఎక్కడైనా ఎర్రగా కందిందా చూసుకోవడం, లేకపోతే మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు. నాకు ఎడమ చిటికెన వేలి పక్కన కందింది, తీసుకెళ్తే పట్టీ విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. డాక్టరు గారు ఇంట్లో కూడా ఉత్తికాళ్ళతో నడవొద్దన్నారు, అందుకని ఇంటికని విడిగా ఇంకో జత తీసుకున్నాను. మా అత్తగారు చూసి, "ఇవి కుష్ఠు ఆసుపత్రిలో ఇచ్చే చెప్పులు కదమ్మా!" అన్నారు. ఆవిడ అన్నది తప్పు కాదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల కోసమే ఈ రబ్బరు చెప్పులు చేయించారు. వాళ్ళకీ మనలాగే పాదానికి స్పర్శ పోతుంది, పుండ్లు పడేది రోగం తినేసి కాదు, తెలియకుండా దెబ్బలు తగిలి అని గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయనొకరు. ఆవిడకి ఈ కథంతా చెప్పాను, విన్నారు, విని "సరే గానీ వంటింట్లోకి మాత్రం తేకు" అన్నారు. వంటింట్లోనే కదా చాకు జారేది, వేడి నూనె చిందేది, కొబ్బరి చిప్ప పెంకులు పడేది! దీని మీద మా ఇంట్లో కొన్నాళ్ళు మాటల్లేవు. మధ్యలో మా ఆయన కలగజేసుకుని, గుమ్మం దాటనివి వేరు, బయటవి వేరు, వంటింటి జత రోజూ కడుగుతుంది అని ఒప్పించారు. ఇప్పుడు పూజగదిలోకి తప్ప అన్నిచోట్లకీ వేసుకుంటున్నాను. పూజగదిలో చాప వేసుకున్నాను. నాకు తెలిసినంతలో ఈ చెప్పులు కొన్నవాళ్ళలో సగంమంది ఓడిపోయేది ఈ గుమ్మం దగ్గరే, బయట రెండు గంటలు వేసుకుని, ఇంట్లో మిగతా రోజంతా ఉత్తికాళ్ళతో తిరుగుతారు.

గుళ్ళ సంగతి ఇంకో తలనొప్పి. గుడి గచ్చు మధ్యాహ్నం ఎలా కాలుతుందో తెలిసిందే. పొద్దున్నే వెళ్తాను, కాటన్ సాక్సులతో నడుస్తాను, ఎవరూ ఏమీ అనలేదు. తెల్లవి కొనుక్కోండి, రక్తం మరకో చీము మరకో పడితే కనిపిస్తుంది, పైన రబ్బరు బిగుతుగా ఉన్నవి వద్దు. సింహాచలం గిరి ప్రదక్షిణ మాత్రం మానేశాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి, తారు రోడ్డు మీద ఉత్తికాళ్ళతో. ఆషాఢంలో వాన పడితే తడిసి మెత్తబడిన తోలు, పడకపోతే కాలే రోడ్డు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయనకి షుగర్ ఉంది, ప్రతి ఏడూ వెళ్తారు, "అప్పన్న చూసుకుంటాడు" అంటారు. ఆయన భక్తిని నేనేమీ అనను. వెళ్ళేముందు ఆ దారం పరీక్ష చేయించుకోమన్నాను, ఇంకా చేయించుకోలేదు.

ఇప్పుడు ఆ పోయిన స్టార్. ఒకటి, చెప్పిన రోజుకి ఇవ్వలేదు, "రేపు రండమ్మా" అని తిప్పించుకున్నారు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు, బిల్లు అడిగితే మొహం మాడ్చుకున్నారు. మూడు, ఆడవాళ్ళ కాళ్ళకి తగ్గ మోడల్ ఒక్కటీ లేదు, నలుపు, ముదురు గోధుమ, అంతే. నాలుగు, వెల్క్రో. మన ఊరి చెమటకీ దుమ్ముకీ దానికి పడదు, చీర కుచ్చిళ్ళకి తగులుకుంటుంది, జరీ చీరైతే ఇక అంతే, వారానికోసారి పాత టూత్ బ్రష్‌తో దారాలు పీక్కోవాలి. వానలో తడిస్తే ఆరడానికి రోజంతా పడుతుంది, ఎండలో పెట్టొద్దన్నారు, ఫ్యాను కింద ఆరబెట్టాను, వాసన వచ్చింది. తడి గ్రానైట్ మీద జారుతాయి కూడా, మా స్కూలు మెట్ల మీద ఒకసారి గుండె ఆగినంత పనైంది.

ధర, నేను కొన్నప్పుడు జత రెండు వేలకి కొంచెం లోపు. రెండు జతలు కాబట్టి రెట్టింపు వేసుకోండి. మామూలు చెప్పులు ఆరు నెలలకోసారి మార్చేవాళ్ళకి పెద్ద తేడా అనిపించదు. వీటినీ ఏడాదిలోపే మార్చాల్సి రావచ్చు, వేలితో నొక్కి చూసుకోవడమే, పైకి రాకుండా అణిగిపోయి ఉంటే పని అయిపోయినట్టు.

ఎవరు కొనకూడదో కూడా రాయాలి. కాలికి ఇప్పటికే పుండు ఉంటే, పాదం వంకర తిరిగితే, ఒక కాలు వాచి వేడిగా ఎర్రగా ఉంటే షాపుకి కాదు, ఆరోజే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. ఆ వాపు నొప్పి లేకపోయినా ఎముకలు లోపల చితుకుతున్న గుర్తు కావచ్చు. ఆ స్థితికి రెడీమేడ్ చెప్పు సరిపోదు. ఆనెకాయల్ని బ్లేడుతో చెక్కుకోకండి, మెడికల్ షాపులో దొరికే కార్న్ క్యాపులు అతికించకండి, అందులో ఉండే యాసిడ్‌కి ఆనెకాయకీ మంచి తోలుకీ తేడా తెలియదు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం అలవాటున్నవాళ్ళు మానేయండి. కొబ్బరినూనె రాసుకోవచ్చు గానీ వేళ్ళ సందుల్లో వద్దు, చెమ్మ నిలిచి పాచిపోతాయి. స్పర్శ బాగున్నవాళ్ళు కూడా ఏడాదికోసారి ఆ దారం పరీక్ష అడిగి మరీ చేయించుకోవాలి, అయిదు నిమిషాల పని. నాలాగా తగ్గినవాళ్ళు ఆరు నెలలకోసారి వెళ్తే మంచిది.

నేను రోజూ రాత్రి చేసేది, మంచం మీద కూర్చుని మొహం చూసుకునే అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకోవడం. కళ్ళు మసకైనవాళ్ళకి ఇంట్లో పిల్లలు చూడాలి. పొద్దున్న వేసుకునే ముందు చెప్పు బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడుముతాను. మొన్న అలా దులిపితే మా మనవడి లెగో ముక్క రాలింది.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం వెళ్ళండి, కాళ్ళు అప్పటికి ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. డాక్టరు చీటీ, రోజూ వేసుకునే సాక్సులు, పాత చెప్పులు తీసుకెళ్ళండి, అరిగిన తీరు చూసి పెద్దాయన చాలా చెప్తారు. అడ్వాన్సు సగమే ఇవ్వండి, బిల్లు ముందే అడగండి.