ఇద్దరే ఉంటే ఏ ఆట మేలు? మూడు ముక్కలాట, స్ట్రాటెగో, డూమ్‌టౌన్

మా అక్కావాళ్ల ఇల్లు వైనతేయ పాయ పక్కన లంకలో. వానాకాలంలో గోదావరి పెరిగి కాజ్‌వే మునిగిందంటే అవతలికి వెళ్లడానికి పడవే దిక్కు, ఒక్కోసారి రాత్రంతా కరెంటు ఉండదు. అలాంటి రోజుల్లో నేనూ మా బావా లాంతరు పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటాం. మాకు కావలసింది ఎదుటివాడిని నమ్మించి బోల్తా కొట్టించే ఆట, అదీ ఇద్దరితోనే రక్తి కట్టాలి. మూడు ఆటలు గట్టిగా ఆడాక నాకు తేలింది చెబుతున్నాను.

మూడు ముక్కలాట సంగతి ముందే తేల్చేస్తా. చేతిలో ఏమీ లేకపోయినా పందెం మీద పందెం పెంచి అవతలివాడి చేత ముక్కలు పడేయించడం మంచి సరదా, కాదనను. కానీ ఆ దబాయింపుకి బలమంతా డబ్బే. చింతపిక్కలు పెట్టి ఆడితే ఎవరూ భయపడరు, ప్రతిసారీ షో అడుగుతారు, ఇక బ్లఫ్ ఎక్కడిది? డబ్బు పెడితే ఏమవుతుందో సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట, పేకాట చూస్తూ పెరిగిన మన వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బావా బావమరుదుల మధ్య ఆ డబ్బు రాకూడదు, అంతే.

స్ట్రాటెగో అలా కాదు. పది అడ్డం పది నిలువు గళ్లు, మధ్యలో రెండు చెరువులు, ఒక్కొక్కరికి 40 పావులు. మన పావుల హోదా మనకే కనబడుతుంది, ఎదుటివాడికి వీపు మాత్రమే. పావు మీదికి పావు వెళ్లినప్పుడే రెండూ బయటపెడతాం, చిన్నది పోతుంది, సమానమైతే రెండూ పోతాయి. ఎదుటివాడి జెండా పట్టుకుంటే గెలుపు. ఆరు బాంబులు, వాటిని తీసేయగల ఐదుగురు మైనర్లు (గని తవ్వేవాళ్లు), ఎనిమిది మంది స్కౌట్లు, అందరికన్నా చిన్నవాడైనా తానే ముందు దాడి చేస్తే అందరికన్నా పెద్దవాడైన మార్షల్‌ని పడగొట్టే ఒక్క స్పై. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో హెర్మాన్స్ ఎదాన్ అనే ఆవిడ తయారుచేసిన లాటాక్ అనే ఆట దీనికి మూలం. మేం ఆడే సెట్ మా మేనకోడలు పాత శుభలేఖలు కత్తిరించి, మడతపెట్టి నిలబడేలా చేసింది. మొత్తం 80 ముక్కలు, ఒక్క మధ్యాహ్నం పని.

దీంట్లో నాకు నచ్చేది ఏమిటంటే ఇక్కడ అబద్ధం ఒక్క క్షణంలో అయిపోదు, దాన్ని ఆటంతా మోయాలి. స్కౌట్ తిన్నగా ఎన్ని గళ్లైనా పోగలదు, కానీ ఒకేసారి రెండు గళ్లు దాటితే అది స్కౌటేనని తెలిసిపోతుంది కదా, అందుకే దాన్ని ఒక్కో గడీ నడిపిస్తూ బావ కల్నల్ వెంట పడ్డాను. "మార్షలేనా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. కల్నల్‌ని మూలకి లాక్కుపోయాడు పాపం, ఆ సందులో నా మైనర్ రెండు బాంబులు తీసేసింది. 2022లో కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ వాళ్ల డీప్‌నాష్ అనే ప్రోగ్రాం కూడా ఆరితేరిన మనుషులతో ఆడుతూ ఇలాగే స్కౌట్‌ని పెద్ద పావులా చూపించి తరిమింది, అది మార్షలే అనుకుని స్పైని ఎదురుపెట్టిన ఆటగాడు ఆ స్పైని పోగొట్టుకున్నాడు.

లోటు చివర్లో ఉంది. సగం పావులు బయటపడ్డాక ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడమే మిగులుతుంది, టెన్షన్ తగ్గిపోతుంది. కాల్పుల హడావిడి కావాలనుకునేవాళ్లకి ఇది నెమ్మదిగానే అనిపిస్తుంది.

కాల్పులంటే డూమ్‌టౌనే. ఇదీ ముక్కలతో ఆడే ఆటే, మొదట 1998లో వచ్చింది, 2014లో ఏఈజీ కంపెనీ డూమ్‌టౌన్ రీలోడెడ్ అని మళ్లీ తెచ్చింది. కౌబాయ్‌ల కాలం, దయ్యాలూ మంత్రాలూ కలిసిన గొమోరా అనే ఊరు, దాని మీద పట్టు కోసం ముఠాల కొట్లాట. రోజు ముగిసేసరికి ఊళ్లో నీ చేతికొచ్చిన కంట్రోల్ పాయింట్లు ఎదుటివాడి మనుషుల పలుకుబడిని దాటితే గెలిచినట్టు. ఇంకొకరి మనిషిని తుపాకీకి పిలవొచ్చు, వాడు రానని ఇంటికి పోవచ్చు. అక్కడే బ్లఫ్ మొదలవుతుంది, ఎందుకంటే పిలిచినవాడి చేతిలో ఏ ముక్కలున్నాయో తెలియదు.

పేకాట వచ్చినవాళ్లకి దీని అసలు కిటుకు ఇట్టే అందుతుంది. ఎవరి పేక వాళ్లే కట్టుకోవాలి, 52 ముక్కలు, కావాలంటే రెండు జోకర్లు. మనుషులు ఇస్పేటు, స్థలాలు డైమను, వస్తువులు ఆఠీను, ఎత్తులు కళావరు. కాల్పులు మొదలయ్యాక పేకలోంచి ముక్కలు తీసి పోకర్ చెయ్యి కడతాం, అంటే ఐదు ముక్కల కూర్పు, ఒకే అంకెవి ఎక్కువ పడితే ర్యాంకు పెరుగుతుంది, రెండు చేతుల ర్యాంకుల్లో తేడా ఎంతో ఓడినవాడికి అంత నష్టం. మరి ఎనిమిదులు పదహారు పెట్టేసుకుంటే సరిపోదా? పెట్టుకోవచ్చు. కానీ రోజు మొదట్లో పందెం ఉంటుంది, అందులో అందరికన్నా చిన్న చెయ్యి గెలుస్తుంది, ఇన్ని ఎనిమిదులున్న పేక అక్కడ తరచూ ఓడుతుంది. పైగా ఒకే గుర్తున్న ఎనిమిది రెండుసార్లు పడితే అది దొంగ చెయ్యి. ఎదుటివాడి దగ్గర మోసాన్ని పట్టే ముక్క ఉంటే శిక్ష వేస్తాడు, లేకపోతే నీ దొంగ చెయ్యే చెల్లుతుంది.

ఒక రాత్రి నాకు సరిగ్గా అదే వచ్చింది. కళావరు ఎనిమిది రెండుసార్లు పడింది, రెండూ దింపితే నాలుగు ఎనిమిదులు, ఒకటి వదిలేస్తే మూడు. బావ చేతిలో ముక్కలు సర్దుకుంటూ, ఒకదాన్ని కొంచెం పైకి లాగి పట్టుకుని నవ్వాడు. నేను జంకి నిజాయితీగా మూడే దింపాను, ర్యాంకు 4. బావ ఫుల్‌హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) వేశాడు, ర్యాంకు 7. నాలుగు దింపి ఉంటే నాది 8 అయ్యేది. తర్వాత ముక్కలు తిప్పి చూపించాడు, మోసం పట్టేది ఒక్కటీ లేదు! స్ట్రాటెగోలో నేనెన్నిసార్లు ఓడినా ఇంతగా గుర్తుండిపోలేదు.

కష్టాలూ చెప్పాలి. నియమాలు చాలా, మొదటి రెండు మూడు ఆటలు పుస్తకం తిరగేయడంతోనే గడుస్తాయి, ముక్కల మీద ఇంగ్లిషు చదువుకోవాలి. ఇక్కడ దుకాణాల్లో నేను చూడలేదు, మాకు విదేశంలో ఉన్న బంధువు తెచ్చిపెట్టాడు. పిల్లలతో, పండక్కొచ్చిన చుట్టాలతో ఆడాలంటే స్ట్రాటెగోనే తీయండి, ఐదు నిమిషాల్లో నేర్పొచ్చు. కానీ వారం వారం ఎదురుగా కూర్చునేది అదే మనిషి అయితే, అతను నవ్వినప్పుడు ఏ నవ్వు నిజమో తెలుసుకునే ఓపిక ఉంటే, నన్నడిగితే డూమ్‌టౌనే మేలు.

బావ ఇప్పుడు ఎనిమిదులు తగ్గించి కొత్త పేక కడుతున్నాడట. నా దాంట్లో మోసం పట్టే ముక్కలు ఎన్ని పెట్టానో మా అక్కకి కూడా చెప్పలేదు.