ఆల్ప్స్ కొండ మీద లాబ్రి: వేసవిలో వెళ్లాలా, శరత్తులో వెళ్లాలా?

స్విట్జర్లాండ్‌లోని వో రాష్ట్రంలో, రోన్ లోయకు ఎగువన సుమారు 1,000 మీటర్ల ఎత్తున యుయేమో అనే చిన్న పల్లె ఉంది. లాబ్రి అనే క్రైస్తవ అధ్యయన నివాసం పుట్టింది అక్కడే. కొన్నాళ్లు అక్కడ ఉండి చదువుకోవాలనుకునే మనవాళ్లు నన్ను ఖర్చు గురించి అడుగుతారు, వీసా గురించి అడుగుతారు. ఏ కాలంలో వెళ్తే మంచిదని మాత్రం దాదాపుగా ఎవరూ అడగరు. నేను అక్కడ ఒక వేసవిలోనూ, మరో ఏడాది శరత్కాలం నుంచి మంచు పడే దాకానూ ఉన్నాను. ఇల్లు అదే, దినచర్య అదే, భోజనాల బల్ల కూడా అదే. అయినా రెండు బసలకూ పోలిక లేదు. కొండలు చూడాలనుకునేవారికి వేసవి మేలు. చదువుకోవడానికి వెళ్లేవారు మాత్రం సెప్టెంబరులో మొదలయ్యే విడతకే దరఖాస్తు పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన, ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన పాదిరి ఫ్రాన్సిస్ షేఫర్, ఆయన భార్య ఈడిత్ 1948లో పిల్లలతో స్విట్జర్లాండ్ చేరి, కొంతకాలానికి వలే రాష్ట్రంలోని షాంపెరి గ్రామంలో స్థిరపడ్డారు. కేథలిక్కులు ఎక్కువగా ఉన్న ఆ రాష్ట్రం, మతపరమైన ప్రభావం చూపుతున్నారన్న కారణంతో 1955లో వారిని ఊరు విడిచి వెళ్లమని ఆదేశించింది. లోయకు ఇవతల, ప్రొటెస్టెంట్ సంప్రదాయమున్న వో రాష్ట్రంలో, యుయేమోలో వారికి ఇల్లు దొరికింది. లోజాన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న పెద్ద కూతురు సెలవు రోజుల్లో తోటి విద్యార్థులను ఇంటికి తీసుకురావడం, వాళ్లు దేవుడున్నాడా లేడా అని అర్ధరాత్రి దాకా వాదించుకోవడం క్రమంగా ఒక వ్యవస్థగా మారింది. చందాల కోసం విజ్ఞప్తులు చేయకుండా ప్రార్థన మీదే ఆధారపడాలన్న నియమం మొదటి నుంచీ ఉంది; విద్యార్థులు రోజుకు ఇంతని కొంత రుసుము చెల్లిస్తారు.

మన దగ్గరి బైబిల్ కళాశాలను గానీ, వేసవిలో జరిగే యువజన కూటాలను గానీ మనసులో పెట్టుకుని వెళ్తే మొదటి వారం అయోమయంగా ఉంటుంది. అక్కడ నిర్ణీత పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు, చివర చేతికిచ్చే సర్టిఫికెట్టూ లేదు. రోజులో సగం చదువు, సగం పని. ఏం చదవాలో ఎవరికి వారు ఒక ట్యూటరుతో మాట్లాడి నిర్ణయించుకుంటారు. ఆయనతో గానీ ఆమెతో గానీ వారానికొకసారి కూర్చుని, చదివినదాని గురించీ, చదవలేక పక్కన పెట్టినదాని గురించీ మాట్లాడతారు. నమ్మకం ఉన్నవారితో పాటు నమ్మకం పోయినవారూ, అసలు ఎన్నడూ లేనివారూ వస్తారు. సంఘంలో అడిగితే విశ్వాసం నుంచి వెనుదిరిగినవాడని ముద్ర వేస్తారేమోనని మింగేసిన ప్రశ్నలను ఇక్కడ బల్ల మీద పెట్టవచ్చు. అంత దూరం వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలు.

ప్రయాణం తేలిక. జెనీవా విమానాశ్రయంలోనే రైలెక్కితే లోజాన్, మాంత్రూల మీదుగా సరస్సు అంచున సాగి, రోన్ లోయలోని ఏగ్ల్ పట్టణం చేరుతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి, నీళ్లు అటువైపే కనిపిస్తాయి. ఏగ్ల్ స్టేషను బయట, కొండ మీది విలార్ ఊరికి వెళ్లే బస్సు సిద్ధంగా ఉంటుంది. ఓలోన్ దాటి మలుపులు తిరుగుతూ అరగంట లోపే యుయేమోలో దింపుతుంది. రైలు సమయానికి బస్సును కలిపి నడపడం ఆ దేశంలో ఎంత మామూలు విషయమంటే, నాలుగు నిమిషాల వ్యవధి చూసి మనకు గుండె దడ పుడుతుంది గానీ అక్కడ ఎవరూ పరుగెత్తరు. విదేశీ సందర్శకులకు నెల రోజులు చెల్లే సగం ఛార్జీ కార్డు అమ్ముతారు. అది వేసవిలో వెళ్లేవారికి తప్పకుండా గిట్టుబాటవుతుంది. శరత్తులో వెళ్లేవారు ఎన్నిసార్లు కొండ దిగుతారో లెక్క వేసుకుని కొనడం మంచిది.

బస చెక్క ఇళ్లలో. ఒకే పెద్ద హాస్టలు కాకుండా, ఊళ్లో వాలు మీద అక్కడక్కడా ఉన్న శాలేలలో విద్యార్థులనూ, వారికి ఆతిథ్యమిచ్చే కుటుంబాలనూ సర్దుతారు. గది పంచుకోవాలి, స్నానాల గది పంచుకోవాలి. పై అంతస్తులో ఎవరైనా మంచం మీద దొర్లితే కింద గదిలో చెక్క కిర్రుమంటుంది. హోటలు సదుపాయాలు కోరుకునేవారు విలార్‌లో గది తీసుకుని పగలు వచ్చి పోదామనుకుంటారేమో, అది వృథా, ఎందుకంటే అసలు సంగతంతా భోజనాల దగ్గరా, గిన్నెలు కడిగేచోటా జరుగుతుంది. భోజనం సాదాగా, వేడిగా, సరిపడా ఉంటుంది: సూపు, రొట్టె, చీజు, బంగాళదుంపలు, అప్పుడప్పుడూ అన్నం. ఆవకాయ సీసా పెట్టెలో పెట్టుకోవచ్చు గానీ నెయ్యి వద్దు. ఐరోపా బయటి నుంచి పాల పదార్థాలనూ మాంసాన్నీ తీసుకురావడాన్ని స్విస్ కస్టమ్స్ అనుమతించదు.

వేసవి సంగతి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. లోయకు అటువైపు దాన్ దు మిది శిఖరాల వరుస, 3,257 మీటర్ల ఎత్తైన కొనతో సహా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంగులు మారుస్తూ ఎదురుగా నిలబడి ఉంటుంది. పని ఎక్కువగా ఆరుబయటే: కూరమళ్లలో కలుపు తీయడం, గడ్డి కోయడం, కంచెలకు రంగు వేయడం. ఒళ్లు అలిసి నిద్ర బాగా పడుతుంది. సెలవు దొరికిన రోజున చూడదగినవి చుట్టూ ఉన్నాయి. విలార్ నుంచి బ్రెటే దాకా పంటి చక్రంతో కొండ ఎక్కే రైలు ఎక్కితే పచ్చిక బయళ్లలోకి చేరుస్తుంది, కాలినడక తెలిసినవారికి అక్కడి నుంచి రోజంతా దారులే. బే (Bex) అనే ఊరి దగ్గర 1684 నుంచి తవ్వుతున్న ఉప్పు గని లోపలికి చిన్న రైలులో తీసుకెళ్తారు. ఎండ మండే రోజున అంతకంటే చల్లటి చోటు దొరకదు, స్వెటరు మాత్రం మరిచిపోకూడదు. సరస్సు ఒడ్డున ఉన్న షియోం కోట అందమైనదే గానీ జనం ఎక్కువ. నాకన్నిటికంటే నచ్చినది ఏగ్ల్ నుంచి ఓలోన్, మోంతే మీదుగా షాంపెరి వెళ్లే చిన్న రైలు. షేఫర్ కుటుంబాన్ని వెళ్లగొట్టిన ఊరికి ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని మధ్యాహ్నం కాఫీకి వెళ్లిరావచ్చు.

ఇంత అందం చదువుకు అడ్డం. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, అందరి పరిస్థితీ అదే. అధ్యయనానికి వాడే ఫారెల్ హౌస్‌లో, 1520లలో ఏగ్ల్‌లో ప్రొటెస్టెంట్ మత సంస్కరణ బోధించిన గియోం ఫారెల్ పేరు పెట్టుకున్న ఆ గదుల్లో, పుస్తకం తెరిచి కూర్చున్నవాళ్ల కళ్లు కిటికీ దాటి పోతుంటాయి. బల్ల దగ్గర చర్చ ఊపందుకునే వేళకు ఎవరో ఒకరు బస్సు వేళ చూసుకుంటారు. కొద్దిరోజులకే వచ్చి పోయేవారు ఎక్కువ కావడంతో ప్రతి వారం పరిచయాలు మళ్లీ మొదటి నుంచి జరుగుతాయి. నీ ఊరేది, ఏం చదివావు అన్న ప్రశ్నలు దాటి మాట లోతుకు దిగేసరికి ఆ మనిషి సామాను సర్దుకుంటూ ఉంటాడు.

శరత్తులో ఈ లెక్క తిరగబడుతుంది. సెప్టెంబరు చివర పై పచ్చికల నుంచి ఆవులను కిందికి తోలుకొస్తారు. కొమ్ముల మధ్య పూలు కట్టి, మెడలో బిందె అంత గంటలు వేస్తారు గనుక మంద కనిపించకముందే మోత వినిపిస్తుంది. కింద ఏగ్ల్ వాలుల్లో ద్రాక్ష కోతలు సాగుతాయి. అక్టోబరు ముగిసేలోగా లార్చి చెట్లు పసుపు రంగుకు తిరిగి, ఆ తర్వాత సూది ఆకులన్నీ రాల్చేస్తాయి. శంకు ఆకారపు చెట్లన్నీ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయనుకునే మనకు అది వింతే. నవంబరులో లోయంతా పొగమంచు నిండితే, చాలా రోజులు ఊరు దానికి పైన ఎండలో ఉంటుంది. కొన్ని రోజులు మాత్రం ఆ పొగమంచు పైకెక్కి పక్క ఇంటిని కూడా మింగేస్తుంది. అప్పుడిక చూడటానికేమీ ఉండదు, చదువు సాగుతుంది.

పని కూడా మారుతుంది. కట్టెలు చీల్చడం, చీల్చినవి గోడ వారన పేర్చడం, మంచు పడ్డాక మెట్లూ దారులూ పారతో శుభ్రం చేయడం. కట్టె చీల్చడంలో ఒక కిటుకు ఉంది. దుంగ నడుమ కాకుండా, ఎండి నెర్రె విచ్చిన చోటు వెతికి దాని వెంట గొడ్డలి దించాలి; బలం కంటే ఆ గీత చూడటం ముఖ్యం. నాతో పని చేసిన డచ్చి కుర్రవాడు వడ్రంగి, దుంగను చేతిలో తిప్పి చూసి పెట్టేవాడు, ఒక్క దెబ్బకు విడిపోయేది. తాను దేవుణ్ణి నమ్మనని ఎప్పుడూ చెబుతూనే మూడు వారాలకని వచ్చినవాడు విడత ముగిసే దాకా ఉండిపోయాడు.

ఒక మధ్యాహ్న భోజనం గురించి ఇక్కడ చెప్పాలి. ఆ భోజనాల్లో ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు. ఆతిథ్యమిచ్చేవారు దాన్ని అందరి ముందూ పెట్టి చర్చ నడుపుతారు. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి, తల్లి జబ్బుతో ఉన్నప్పుడు నెలల తరబడి ప్రార్థించాననీ, ఆమె చనిపోయిందనీ, ఇప్పుడు అన్నం ముందు కళ్లు మూసుకోవడం కూడా నటనలా ఉందనీ, అలాంటివాళ్లు ప్రార్థన మానేయడమే నిజాయితీ కాదా అనీ అడిగింది. మన కూటాల్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు బైబిల్ వాక్యం తీసి ఓదార్చేసేవారు. ఆతిథేయి మాత్రం ఏ వాక్యమూ ఎత్తలేదు. ఆ అమ్మాయి ఏమని ప్రార్థించిందో, ఎవరి మీద కోపంగా ఉందో అడిగారు. బైబిల్ కీర్తనల్లో ఎన్నో ఫిర్యాదులే కదా, అవి నటన కాదు కదా అని ఒకరన్నారు. నమ్మకం లేని వడ్రంగి, కోపగించుకోవడానికి తనకు ఎదుట ఎవరూ లేకపోవడం ఇంకా కష్టమన్నాడు. సూపు చల్లారింది, ఎవరో మళ్లీ వేడి చేసి తెచ్చారు. బయట మంచు పడుతోంది గనుక వెళ్లాల్సిన పని ఎవరికీ లేదు. రెండు గంటల తర్వాత కూడా తీర్పు ఏదీ రాలేదు. ఆ అమ్మాయి మాత్రం తర్వాతి వారం అదే ప్రశ్నను ఇంకాస్త పదును పెట్టి తెచ్చింది, అప్పటికి ఆమె కథ తెలిసినవాళ్లే బల్ల చుట్టూ ఉన్నారు. అలాంటి కొనసాగింపు నాకు వేసవిలో దొరకలేదు.

శీతాకాలపు విడత జనవరిలో మొదలవుతుంది. మంచు మార్చి దాకా నిలుస్తుంది, తర్వాత బురద, ఆ వెంటనే క్రోకస్ పూలు. స్కీయింగ్ ఆశ ఉన్నవారికి విలార్ దగ్గరే గానీ, సామాను అద్దె, లిఫ్టు టిక్కెట్టు కలిపితే మన జేబుకు భారం. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. దిగులు స్వభావం ఉన్నవారు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంగ్లండ్ శాఖతో కూడా పోల్చుకోవాలి. 1971లో మొదలైన ఆ శాఖ హాంప్‌షైర్‌లోని గ్రేథమ్ పల్లెలో పాతకాలపు మేనర్ హౌస్‌లో, అంటే జమీందారీ భవనంలో ఉంది. లండన్ వాటర్లూ నుంచి లిస్ దాకా రైలులో వెళ్లవచ్చు. దృష్టిని లాగే శిఖరాలేమీ లేని మెత్తటి పల్లెసీమ గనుక, వేసవి తప్ప వేరే వీలు లేనివారికి, చదువే ముఖ్యమైతే, నేను గ్రేథమ్‌నే సూచిస్తాను. ఆంగ్లమే ఊరి భాష కావడం మరో సౌకర్యం. యుయేమోలో లాబ్రి లోపల ఆంగ్లం నడిచినా బస్సులో, దుకాణంలో ఫ్రెంచి కొన్ని మాటలైనా రావాలి.

వీసా విషయంలో రెండు దేశాలకూ రెండు వేర్వేరు దరఖాస్తులు. స్విట్జర్లాండ్‌కు ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా, ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. విడత మొత్తం ఉండి, ఆ తర్వాత పారిస్, రోమ్ చూసి వద్దామనుకునేవారు ఆ రోజులు కూడా ఈ 90లోనే పడతాయని గమనించాలి. నా మొదటి దరఖాస్తులో ట్రావెల్ ఏజెంటు దీన్ని వేదాంత కళాశాల కోర్సుగా రాయబోతే ఆపి, లాబ్రి నుంచి వచ్చిన అంగీకార పత్రంలోని మాటలనే యథాతథంగా వాడించాను. స్థలం తక్కువ గనుక ముందు దరఖాస్తు పెట్టుకుని, ఆ పత్రం చేతికొచ్చాకే విమానం టిక్కెట్టు కొనాలి.