ఏడీఎల్5375 మాడ్యులేటర్ చిప్: ఆరు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, చిప్ మంచిదే. మొదటి రెండు నెలలు నేను దాన్ని తిట్టిన తిట్లన్నీ నిజానికి నాకే తగలాలి.

మాది గుంటూరు, బ్రాడీపేట. మేడ మీద గదిలో బెంచ్ వేసుకుని మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో టెంపరేచర్ చూసే వైర్‌లెస్ రిసీవర్లు చేసి ఇస్తుంటాను, 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. వాటిని టెస్ట్ చేయడానికి వెక్టర్ సిగ్నల్ జనరేటర్ (మనకి కావాల్సిన రేడియో సిగ్నల్ తయారుచేసే పరికరం) కొనాలంటే లక్షల్లో మాట. సరే, మనమే ఒకటి చేసుకుందాం అని సమాచారాన్ని రేడియో తరంగం మీదికి ఎక్కించే ఈ క్వాడ్రేచర్ మాడ్యులేటర్ పట్టుకున్నా. గాల్లోకి ఏమీ వదలను, సిగ్నల్ బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టి కేబుల్‌లోనే నడిపిస్తా. సెన్సర్ వైపుకి మాత్రం ఇది దండగ, అక్కడ రెడీమేడ్ మాడ్యూల్ చాలు.

400 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా ఒకటే చిప్ పనిచేస్తుంది. కేరియర్‌ని, అంటే సమాచారాన్ని మోసే రేడియో తరంగాన్ని, లోపలే 90 డిగ్రీల తేడాతో రెండుగా చీల్చి, ఒకదాన్ని ఐ సిగ్నల్‌తో, ఇంకోదాన్ని క్యూ సిగ్నల్‌తో (మన సమాచారాన్ని ఈ రెండు భాగాలుగా ఇస్తాం) గుణించి కలిపేస్తుంది. అంతా పర్‌ఫెక్ట్‌గా ఉంటే కేరియర్‌కి ఒక పక్కన ఉండే, మనకి కావాల్సిన సైడ్‌బ్యాండ్ ఒక్కటే బయటికి రావాలి. అలా ఎప్పుడూ రాదు. మధ్యలో కేరియర్ కారుతుంది, అవతలి పక్క ఇమేజ్, అంటే అక్కర్లేని సైడ్‌బ్యాండ్, తొంగి చూస్తుంది. అసలు పనంతా ఆ రెండింటితోనే.

కొనేటప్పుడు చివరి అంకె చూడండి. దీంట్లో -05, -15 అని రెండు రకాలున్నాయి, మొదటిదానికి ఐ, క్యూ పిన్నుల మీద 0.5 వోల్టుల బయాస్ (ఎప్పుడూ ఉండాల్సిన స్థిర వోల్టేజ్) కావాలి, రెండోదానికి 1.5 వోల్టులు. నేను చవగ్గా వస్తోందని ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో తీసుకున్నా, పేజీలో ఉత్త 5375 అనే ఉంది, నేనూ అడగలేదు. వచ్చినవి -15. వాటికి 0.5 ఇచ్చి, అవుట్‌పుట్ సన్నగా వంకరగా వస్తుంటే వారం రోజులు నా కోడ్‌లో తప్పు వెతుక్కున్నా.

-05 వెర్షన్ నాకెందుకు నచ్చిందంటే, 20 మిల్లీఆంపియర్ల కరెంట్ అవుట్‌పుట్ ఉన్న డీఏసీకి (అంకెల్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్) దీన్ని నేరుగా తగిలించేయొచ్చు. సగటున 10 మిల్లీఆంపియర్లు, ఒక్కో పిన్ను నుంచి గ్రౌండ్‌కి 50 ఓమ్‌ల రెసిస్టర్, సరిగ్గా అర వోల్టు. మధ్యలో కెపాసిటర్ లేదు, ఆంప్లిఫయర్ లేదు. కానీ ఇక్కడే రెండో దెబ్బ తిన్నా. మా ఊరి కొట్లో దొరికే 1 శాతం రెసిస్టర్లు వేశా. జతలో ఒకటి రెండోదాని కంటే ఒక్క శాతం ఎక్కువైతే చాలు, జత పిన్నుల మధ్య 5 మిల్లీవోల్టుల తేడా (ఆఫ్‌సెట్) వచ్చేస్తుంది, ఆ ఆఫ్‌సెట్టే కేరియర్ లీకేజీగా బయటికొస్తుంది. ఇంత చిన్నదానికి చిప్‌ని తిట్టుకున్నానా అనిపించింది. 0.1 శాతంవి తెప్పించి మార్చా. మిగిలిన కాస్తా సాఫ్ట్‌వేర్‌లో ఐకి కొంచెం, క్యూకి కొంచెం డీసీ కలుపుతూ, మళ్ళీ మొదటికొస్తూ, అలా నాలుగైదు సార్లు తిరిగితే దిగుతుంది.

ఇమేజ్ సంగతి ఇంకోలా ఉంటుంది. ఐ, క్యూ మధ్య 90కి బదులు 89 డిగ్రీలు ఉంటే ఇమేజ్ అసలు సిగ్నల్ కంటే 41 డీబీ (డెసిబెల్స్) మించి కిందికి దిగదు. గెయిన్‌లో 0.1 డీబీ తేడా ఉన్నా 45 దగ్గర ఆగిపోతుంది. నా బోర్డులో ఫేజ్‌ని పాడుచేసింది కేరియర్ వైపు నుంచి వచ్చిన హార్మోనిక్స్, అంటే కేరియర్‌కి రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలో వచ్చే అదనపు తరంగాలు. కేరియర్‌ని పుట్టించడానికి నేను వాడిన సింథసైజర్ చిప్ ఏడీఎఫ్4350, దాని అవుట్‌పుట్ శుభ్రమైన సైన్ వేవ్ కాదు. తయారీ కంపెనీ ఎనలాగ్ డివైసెస్ వాళ్ళ సర్క్యూట్ నోట్ సీఎన్-0134లో సరిగ్గా ఈ జతే ఉంది, మధ్యలో ఫిల్టర్‌తో సహా. నేను దాన్ని చూసే గీశా, ఫిల్టర్ ఒక్కటి ఎగ్గొట్టి! తర్వాత బుద్ధిగా లో-పాస్ ఫిల్టర్ పెట్టాక ఇమేజ్ దారికొచ్చింది.

ఇదంతా చూడటానికి చవక ఎస్‌డీఆర్ డాంగిల్‌ని (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) నమ్ముకోకండి. అందులో సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏడీసీ 8 బిట్లు, 50 డీబీ దగ్గరే దాని చూపు ఆగిపోతుంది. చివరికి బోర్డుని స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టుకుని బస్సెక్కి విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కి వెళ్ళా, అక్కడ పనిచేసే ఫ్రెండ్ పుణ్యమా అని స్పెక్ట్రమ్ అనలైజర్ మీద అసలు బొమ్మ కనపడింది.

వేడి గురించి కూడా చెప్పాలి. 5 వోల్టుల మీద సుమారు 200 మిల్లీఆంపియర్లు లాగుతుంది, అంటే 4 మిల్లీమీటర్ల చదరపు ముక్కలో ఒక వాట్ దాకా. అడుగున ఉన్న ప్యాడ్ గ్రౌండ్‌కి అతికి తీరాలి, ఇంట్లో సోల్డరింగ్ ఐరన్‌తో అది కాదు, అరండల్‌పేటలో మొబైల్ రిపేర్ కుర్రాడు హాట్ ఎయిర్‌తో ఐదు నిమిషాల్లో పెట్టేశాడు. మే నెలలో రాత్రి ఏసీ వేసుకుని అసలు సిగ్నల్ కంటే 65 డీబీ కిందికి దింపిన కేరియర్ లీకేజీ, మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి యూపీఎస్ మీద నడిపితే 50 డీబీ కిందున్న చోటికి ఎక్కి కూర్చుంది. ఇప్పుడు బోర్డు మీద వేడిని కొలిచే ఒక థర్మిస్టర్ పెట్టి, టెంపరేచర్‌కి తగ్గట్టు ఆఫ్‌సెట్‌లు టేబుల్ నుంచి మారుస్తున్నా.

నా రేటింగ్ 5కి 4. ఒక మార్కు తగ్గించింది కరెంట్ ఎక్కువ తాగుతున్నందుకు. -15వి ఇంకా రెండు నా దగ్గర మిగిలిపోయాయి, 1.5 వోల్టుల డీఏసీ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఊరికే తీసుకెళ్ళొచ్చు.