ఇక్కత్ మాస్కు, మూడు పొరల మాస్కు, ఎన్95: దేనికి డబ్బు పెట్టొచ్చు?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా అడిగితే చేతికొచ్చేవి ఈ మూడు రకాలే. "మాస్కు పెడితే రోగం ఆగుతదా?" అని అడిగేవాళ్లు నిజానికి రెండు ప్రశ్నలు కలిపేస్తున్నారు. ఆ పొర తుంపర్లను ఆపుతుందా అనేది ఒకటి. ఊరంతటికీ మాస్కులు పంచితే ఊళ్లో జబ్బులు తగ్గుతాయా అనేది ఇంకొకటి. కొట్లాటంతా రెండోదాని మీదే.

పోచంపల్లి ఇక్కత్ మాస్కు అందంలో మొదటిది. పెళ్లికి చీర మీదికి మ్యాచింగ్‌గా పెట్టుకుంటే అభ్యంతరం లేదు. ఇన్ఫెక్షన్ కోసమైతే వద్దు. ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చూడండి, పడుగు పేకల సందుల్లోంచి వెలుతురు కనబడుతుంది. బంగ్లాదేశ్‌లో 2020–21లో 600 ఊళ్లలో, మూడు లక్షలకు పైగా పెద్దవాళ్లతో జరిగిన ట్రయల్‌లో గుడ్డ మాస్కులిచ్చిన ఊళ్లలో స్పష్టమైన లాభం తేలలేదు. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో లక్షణాలతో వచ్చిన కోవిడ్ 11 శాతం దాకా తగ్గింది, 60 దాటినవాళ్లలో 35 శాతం. అక్కడ ఇంత ప్రచారం చేసినా మాస్కు పెట్టుకున్నవాళ్లు 13 నుంచి 42 శాతానికే పెరిగారు. ఆ 11 శాతం చిన్నదని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

డెన్మార్క్‌లో జరిగిన ఇంకో ట్రయల్‌లో మాస్కు వాళ్లలో 1.8 శాతానికి, లేనివాళ్లలో 2.1 శాతానికి కోవిడ్ సోకింది. ఇంత చిన్న తేడాతో ఎటూ తేల్చలేం. పైగా అది పెట్టుకున్నవాడికి రక్షణ ఎంత అనే చూసింది, వాడి నుంచి పక్కవాడికి అంటడం తగ్గిందా అని చూడలేదు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2023 సమీక్షను చూపి "మాస్కులు దండగ" అన్నవాళ్లకు కోక్రేన్ ఎడిటరే జవాబిచ్చారు: ఆధారాలు ఎటూ తేలలేదన్నదే దాని అర్థం, పనిచేయవని కాదు.

ఇక మూడు పొరల మాస్కు, అంటే పైన చెప్పిన సర్జికల్ మాస్కు. రోజువారీ బస్సుకు, ఓపీ క్యూకు మా ఓటు దీనికే, కానీ డబ్బాలో ఒకటి కత్తిరించి చూశాకే. లోపల మూడు పొరలుండాలి. నడిమి పొర తెల్లగా, పలుచగా, దూదిలా ఉంటుంది, పని చేసేది అదే. దానిలోని స్థిరవిద్యుత్తు కణాలను లాగి పట్టుకుంటుంది. అందుకే సబ్బుతో ఉతికినా, శానిటైజర్ కొట్టినా మాస్కు చూపుకు బాగానే ఉంటుంది, ఆపే గుణం పోతుంది. నడిమి పొర లేకుండా రెండే పొరలతో వచ్చే డబ్బాలూ ఉంటాయి, వాపసు ఇచ్చేయండి. డబ్బా మీద ఐఎస్ 16289 (సర్జికల్ మాస్కులకు భారత ప్రమాణం నంబరు) ఉందేమో చూడండి.

దీని జబ్బు చెంపల పక్క సందు. కళ్లద్దాలు మసకబారితే గాలి పైనుంచి పోతున్నట్టు. చెవి తాడును మాస్కు మూలకు ఆనించి ముడేసి, పక్క మడతను లోపలికి దోపండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రయోగంలో మామూలుగా పెడితే దగ్గు కణాల్లో 56 శాతం ఆగాయి, ఇలా ముడేస్తే 77 శాతం. పైసా ఖర్చులేని పని, ఎవరూ చేయరు.

ఎన్95 ఖరీదైనా, టీబీ వార్డుకో, జ్వరమొచ్చిన ముసలాయన గదికో వెళ్లేవాళ్లకు ఇదే కొనాలి. అసలుదానికి తల వెనక కట్టే రెండు పట్టీలుంటాయి, మీద టీసీ-84ఎతో మొదలయ్యే నంబరుంటుంది, అది అమెరికా నియోష్ సంస్థ ఇచ్చే ఆమోదం నంబరు. చెవులకు తగిలించేది చేతిలో పెట్టి "ఎన్95 సార్" అంటే నమ్మకండి. వాల్వు ఉన్నది వద్దు, మీ ఊపిరి వడగట్టకుండా పక్కవాళ్ల మీదికి పోతుంది. గడ్డం ఉంటే ఎంత ఖరీదైనదైనా అంచు అతుక్కోదు.

మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక దుమ్ముకూ ఎన్95 పనికొస్తుంది. కాకపోతే మిల్లులో వాడినదే ఆసుపత్రికి పెట్టుకెళ్లొద్దు. దుమ్ము పేరుకుంటే ఊపిరి బరువవుతుంది, గాలి సందుల్లోంచే దారి వెతుక్కుంటుంది.