కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీనా, పాత ప్రైవేటు కాలేజీనా: ఎంబీబీఎస్‌కి ఏది మేలు?

మెడికల్ కౌన్సెలింగ్‌లో కాలేజీలని వరసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్స్ రోజులు దగ్గరపడ్డాయంటే నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, మా అమ్మాయికి జిల్లాలో కొత్తగా పెట్టిన ప్రభుత్వ కాలేజీలో వచ్చేలా ఉంది. ఇరవై ఏళ్ల నుంచి నడుస్తున్న ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటూ (ర్యాంకుని బట్టి తక్కువ ఫీజుతో ఇచ్చేది) వచ్చేలా ఉంది. ఏది ముందు పెట్టమంటారు?" బంధువులు అడుగుతారు, వార్డులో సిస్టర్లు అడుగుతారు, డిశ్చార్జి చీటీ తీసుకుంటూ పేషెంటు కొడుకు అడుగుతాడు. నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్నాను. హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునేవాళ్లు) ఎక్కడ ఎలా తయారవుతున్నారో రోజూ చూస్తున్నవాడిగా నా అభిప్రాయం ఇక్కడ వివరంగా చెబుతాను.

ముందుగా ఒక మాట. ఉస్మానియా, గాంధీ, ఆంధ్రా మెడికల్ కాలేజీ, గుంటూరు, రంగరాయ, కర్నూలు, కాకతీయ, తిరుపతి ఎస్వీ లాంటి పాత ప్రభుత్వ కాలేజీల్లో సీటు వచ్చేవాళ్లకి ఈ చర్చే అక్కర్లేదు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్, సనత్‌నగర్ ఈఎస్ఐ కూడా అంతే, వస్తే వెళ్లిపోవడమే. తికమక అంతా ఆ తర్వాత ర్యాంకుల వాళ్లది. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో మరో ఎనిమిది ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది పాడేరు వచ్చింది. ఇన్ని కొత్త పేర్లు ఒక్కసారిగా జాబితాలో కనిపిస్తుంటే తల్లిదండ్రులకి టెన్షన్ సహజం.

ఫీజు సంగతి త్వరగా తేల్చేద్దాం. తెలంగాణలో ప్రభుత్వ సీటుకి ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు, ప్రైవేటు కన్వీనర్ సీటుకి 60 వేలు. హాస్టలు, మెస్సు కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. అయినా ఐదేళ్ల లెక్కలో చాలా కుటుంబాలు ఎలాగో సర్దుకోగలిగే తేడాయే ఇది. ఆంధ్రలో మాత్రం ఒక జాగ్రత్త. అక్కడి కొత్త ప్రభుత్వ కాలేజీల్లో 2023 నుంచి సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు కూడా పెట్టారు. వాటి ఫీజు లక్షల్లో ఉంటుంది. పేరుకి ప్రభుత్వ కాలేజీయే కదా అని ఆప్షన్ పెట్టేముందు అది ఏ కేటగిరీ సీటో చూసుకోండి.

ఇక అసలు విషయం. నా దృష్టిలో దీన్ని తేల్చేది కాలేజీ భవనం కాదు, దాని వయసూ కాదు. దానికి ఉన్న ఆసుపత్రికి జనం తమంతట తాము వస్తున్నారా, వచ్చినవాళ్లకి అక్కడే వైద్యం అందుతోందా అన్నది. మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. వానాకాలం రాత్రి పొలం నుంచి ఒక రైతుని పాము కరిచిందని తీసుకొస్తారు. ఏ పామో ఎవరూ చూడలేదు. హౌస్ సర్జన్ చేయాల్సిన మొదటి పనుల్లో ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెట్టడం. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, సబ్బుతో కడిగిన ట్యూబూ పనికిరాదు. ఇరవై నిమిషాలయ్యాక వంచి చూస్తే రక్తం గడ్డకట్టి ఉండాలి. నీళ్లలా జారిపోతే విషం ఎక్కినట్టే. మన పొలాల్లో అది చాలావరకు రక్తపింజర. వెంటనే ఏఎస్వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించాలి, ఎక్కిస్తూ రియాక్షన్ వస్తుందేమో దగ్గరుండి చూడాలి, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకోవాలి. ఇంకో రోజు తెల్లవారుజామున నేల మీద పడుకున్న పిల్లాడిని కడుపునొప్పి అని తెస్తారు. ఒంటి మీద కాటు కనిపించదు. కానీ రెప్పలు వాలిపోతుంటాయి. కట్లపాము అని ఆ రెప్పల్ని చూసి పట్టుకోవాలి. ఊపిరి ఆగేలోపు గొంతులోకి ట్యూబు వేయాలి, వెంటిలేటర్ దొరికేదాకా అంబు బ్యాగ్ (చేత్తో ఊపిరి అందించే సంచి) నొక్కుతూనే ఉండాలి.

ఇవి పుస్తకంలో ఒకటి రెండు పేజీలు. చూడనివాడికి పరీక్షలో మార్కులు రావచ్చు. చూసినవాడు మాత్రం రేపు ఏ పీహెచ్‌సీలో ఒంటరిగా ఉన్నా మనిషిని కాపాడతాడు. పురుగుల మందు తాగినవాళ్ల సంగతీ ఇంతే. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేదాకా ఐదు నిమిషాలకోసారి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటూ అట్రోపిన్ డోసు పెంచుకుంటూ పోవాలి. ఎక్కడ ఆపాలో చెవికి అలవాటైతేనే తెలుస్తుంది. ఇలాంటి పేషెంట్లు ఎక్కువగా వచ్చేది జిల్లా ప్రభుత్వాసుపత్రికే. డబ్బు లేనివాళ్లు, పోలీసు కేసు ఉన్నవాళ్లు, అర్ధరాత్రి 108 ఎక్కినవాళ్లు అక్కడికే చేరతారు. లేబర్ రూమ్ కూడా అంతే. రద్దీ ఉన్న జిల్లా మాతా శిశు ఆసుపత్రిలో ప్రసూతి పోస్టింగ్ చేసిన హౌస్ సర్జన్‌కి కాన్పు చేయడం, కుట్లు వేయడం, పుట్టగానే ఏడవని బిడ్డకి ఊపిరి అందించడం చేతికి వచ్చేస్తాయి. ఫోరెన్సిక్ మెడిసిన్‌కి పోస్టుమార్టమ్‌లు జరిగేది కూడా ప్రధానంగా ప్రభుత్వ మార్చురీలోనే.

అందుకే నా మొగ్గు మొదటి నుంచీ కొత్త ప్రభుత్వ కాలేజీ వైపే. అయితే అన్ని కొత్త కాలేజీలనీ ఒకే గాటన కట్టకూడదు. సంగారెడ్డి, కరీంనగర్, ఖమ్మం, విజయనగరం, ఏలూరు, రాజమండ్రి లాంటి చోట్ల కాలేజీ కొత్తదే కానీ ఆసుపత్రి కొత్తది కాదు. దశాబ్దాలుగా చుట్టుపక్కల మండలాలన్నీ ఆధారపడ్డ జిల్లా ఆసుపత్రులవి. నిన్నటిదాకా చిన్న ఏరియా ఆసుపత్రిగా ఉండి కాలేజీ కోసం పడకలు పెంచుకున్నవి వేరు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) నిబంధన ప్రకారం 100 సీట్లకి 420 పడకలు, 150 సీట్లకి 605 పడకలు ఉండాలి. మంచాలు కొనడం తేలిక. వాటి మీద పేషెంట్లు ఉండటమే కష్టం.

ఇక్కడ నేను ఎక్కువగా పట్టించుకునేది రెఫరల్. కాస్త సీరియస్ అయిన ప్రతి కేసునీ వరంగల్ ఎంజీఎంకో, హైదరాబాద్‌కో, విశాఖ కేజీహెచ్‌కో పంపించేస్తుంటే అక్కడి విద్యార్థి నేర్చుకునేది రెఫరల్ చీటీ రాయడం ఒక్కటే. దారిలో పేషెంటుకీ నష్టం, చదువుకీ నష్టం. ఈ రెండూ వేర్వేరు సమస్యలని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. రాత్రి రెండు గంటలకి మత్తు డాక్టరు అందుబాటులో ఉన్న ఆసుపత్రిలో తల్లికి సిజేరియన్ సమయానికి జరుగుతుంది, పక్కన నిలబడ్డ విద్యార్థి దాన్ని చూస్తాడు. మత్తు డాక్టరు లేకపోతే తల్లి అంబులెన్స్ ఎక్కుతుంది, విద్యార్థి హాస్టల్‌కి పోతాడు. కాబట్టి ఆప్షన్ పెట్టేముందు వీలైతే ఒక సాయంత్రం ఆ ఆసుపత్రి క్యాజువాలిటీ దగ్గర కాసేపు నిలబడండి. రాత్రి ఆపరేషన్లు జరుగుతాయా, రక్తనిధి ఉందా, సీటీ స్కాన్ రాత్రి కూడా తీస్తారా అని అక్కడి సిస్టర్లనో 108 సిబ్బందినో అడగండి. కాలేజీ వెబ్‌సైటులో దొరకని జవాబులు వాళ్ల దగ్గర దొరుకుతాయి. సోమవారం పొద్దున ఓపీ క్యూ చూస్తే ఇంకా మంచిది.

ప్రైవేటు కాలేజీలకి న్యాయంగా ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. మంచి ప్రైవేటు కాలేజీలో క్లాసులు టైముకి జరుగుతాయి, ఇంటర్నల్స్ పద్ధతిగా ఉంటాయి, అనాటమీ నుంచి మైక్రోబయాలజీ దాకా విభాగాల్లో మనుషులుంటారు. కొత్త ప్రభుత్వ కాలేజీల పెద్ద లోటు సరిగ్గా ఇక్కడే. ఫ్యాకల్టీ కొరత మీద తెలంగాణ ప్రభుత్వ కాలేజీలకి ఎన్ఎంసీ 2025లో నోటీసులు ఇచ్చింది. అవి ఊరికే ఇచ్చినవి కావు. కొన్ని విభాగాల్లో ప్రొఫెసర్ ఉండరు, అసిస్టెంట్ ప్రొఫెసర్ మీదే అంతా నడుస్తుంది. అదే ఏడాది వచ్చిన నిబంధనలతో ప్రభుత్వాసుపత్రుల్లో పదేళ్లు పనిచేసిన స్పెషలిస్టులు అసోసియేట్ ప్రొఫెసర్లుగా రావడానికి దారి దొరికింది. వీళ్లలో చాలామందివి గట్టి చేతులు. వేల కాన్పులు, వేల ఆపరేషన్లు చేసినవాళ్లు. వార్డులో వాళ్ల వెనక నడిచిన విద్యార్థికి లాభమే. క్లాసు మాత్రం అందరూ ఒకేలా చెప్పలేరు. ఆ లోటుని విద్యార్థి సొంతంగా, ఆన్‌లైన్ పాఠాలతో పూడ్చుకోవాల్సి వస్తుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లు చాలావరకు ప్రైవేటు ఆసుపత్రులకి వెళ్లిపోయాయి. నిజంగా నడిచే ప్రైవేటు బోధనాసుపత్రి అయితే పిత్తాశయం, మోకాళ్లు, గుండె కేసులు విద్యార్థికి అక్కడే ఎక్కువ కనిపిస్తాయి. అలాంటి కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అక్కడ కన్వీనర్ సీటు వస్తే, పక్క ఆప్షన్ 50 సీట్లతో మొన్ననే మొదలైన చిన్న ప్రభుత్వ కాలేజీ అయితే, ప్రైవేటే ముందు పెట్టమంటాను. కానీ ఇన్‌స్పెక్షన్ ఉన్న వారం మాత్రమే వార్డులు నిండే కాలేజీలూ ఉన్నాయి. ఊళ్లలోకి బస్సులు పంపి క్యాంపుల పేరుతో జనాన్ని తెచ్చి పడుకోబెట్టడం మన దగ్గర ఎవరికీ తెలియని విషయం కాదు. ఇన్‌స్పెక్షన్లలో లంచాల మీద సీబీఐ 2025లో కేసు కూడా పెట్టింది. అలాంటి చోట భవనం ఎంత మెరిసినా పిల్లలకి పేషెంటు నాడి దొరకదు.

పీజీలు (ఎంబీబీఎస్ అయ్యాక స్పెషలిస్టు చదువు చదివే డాక్టర్లు) ఉన్నారా లేరా అన్నది కూడా కొందరు అడుగుతారు. పీజీలుంటే సందేహం అడగడానికి రాత్రి కూడా ఒక మనిషి ఉంటాడు. కానీ పెద్ద కాలేజీల్లో చేతిపని అంతా పీజీలే చేసుకుపోయి, హౌస్ సర్జన్లకి శాంపిల్స్ ల్యాబుకి మోయడం, రిపోర్టులు తేవడం మిగులుతుంది. కొత్త కాలేజీలో పీజీలు లేనిచోట హౌస్ సర్జనే ముందు వరసలో ఉంటాడు. నేర్పించే సీనియర్ పక్కనుంటే అది వరం, లేకపోతే పేషెంటుకి ప్రమాదం. అందుకే జిల్లాలో ఇప్పటికే పీజీ సీట్లు వచ్చిన కాలేజీకి ఒక మెట్టు పైన చోటివ్వండి. నీట్ పీజీ కోచింగ్‌కి సిటీలో ఉండాలన్న వాదనకి ఇప్పుడు పెద్దగా బలం లేదు. అందరూ ఫోన్‌లోనే వింటున్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులు భద్రత గురించి అడుగుతారు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మీద జరిగిన ఘోరం తర్వాత ఆ భయాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కొన్ని కొత్త కాలేజీల హాస్టళ్లు అద్దె భవనాల్లో, ఆసుపత్రికి దూరంగా ఉన్నాయి. హాస్టల్‌కీ వార్డుకీ మధ్య దూరం ఎంత, రాత్రి డ్యూటీకి బండి ఉందా, ఆడ హౌస్ సర్జన్లకి లోపల గడియ ఉన్న డ్యూటీ రూమ్ ఉందా అన్నవి చూడండి. ఇవి లేకపోతే ఆ కాలేజీని కిందికి జరపడంలో తప్పే లేదు. ఈ విషయంలో సొంత క్యాంపస్ ఉన్న ప్రైవేటు కాలేజీలు చాలావరకు మెరుగు.

స్టైపెండ్ విషయంలో ప్రభుత్వ హౌస్ సర్జన్‌కి ఆలస్యమైనా వస్తుంది. ప్రైవేటులో పూర్తిగా రావడం లేదన్న ఫిర్యాదులు ఏటా వింటూనే ఉన్నాం. చేరేముందు సీనియర్లని అడగండి.

బీ కేటగిరీకి (ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ ఫీజుతో ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటు) ఏటా పది లక్షల పైన కట్టి చేరడం గురించి నా దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అప్పు చేసి మాత్రం వద్దు. జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ ఆలోచన ఉన్నవాళ్లు తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) దాటాలని, ఆ పైన ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయాల్సి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ఏ కన్వీనర్ సీటు వచ్చినా అదే మేలు.

కాబట్టి వరస ఇలా పెడతాను: పాత ప్రభుత్వ కాలేజీలు, ఆ తర్వాత రద్దీగా నడిచే జిల్లా ఆసుపత్రి ఉన్న కొత్త ప్రభుత్వ కాలేజీలు, తర్వాత నిజంగా పేషెంట్లున్న ప్రైవేటు కాలేజీలు, తర్వాత చిన్న ఆసుపత్రుల మీద లేచిన కొత్త ప్రభుత్వ కాలేజీలు, చివర ఖాళీ వార్డుల ప్రైవేటు కాలేజీలు. మెడికల్ కాలేజీ మారే వెసులుబాటుని 2023 నిబంధనలు తీసేశాయి కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుని లాక్ చేయండి.

ఇప్పటికే కొత్త కాలేజీలో చేరి, క్లాసులు సరిగ్గా జరగడం లేదని దిగులుపడుతున్న పిల్లలకి ఒక మాట. రెండో ఏడాది క్లినికల్ పోస్టింగ్స్ మొదలవగానే మీ యూనిట్ అడ్మిషన్ రోజు (మీ డాక్టర్ల బృందం కొత్త పేషెంట్లని చేర్చుకునే రోజు) ఏదో తెలుసుకుని, రాత్రి డ్యూటీ డాక్టర్‌ని అడిగి క్యాజువాలిటీలో ఉండండి. చాలామంది కాదనరు. వచ్చిన ప్రతి పేషెంటు కేసు షీటు మీరే ముందు మీ పుస్తకంలో రాసుకుని, పొద్దున రౌండ్స్‌లో సార్ రాసినదానితో పోల్చి చూసుకోండి.