తళతళలాడే వెండి రూపాయా, మసకబారినదా: ఆన్‌లైన్‌లో ఏది మేలు?

ఈమధ్య చాలామంది రెండేసి ఫొటోలు పంపి ఒకే మాట అడుగుతున్నారు. రెండూ 1862 విక్టోరియా రూపాయలే, ధరా ఇంచుమించు ఒకటే. ఒకటి తళతళలాడుతోంది, ఇంకొకటి నల్లగా మసకబారింది. ఏది తీసుకోమంటారు? నేనైతే మసకబారినదే తీసుకుంటాను. తళతళలాడేది తోమి మెరిపించినది కావచ్చు, తోమిన నాణేనికి సేకరించేవాళ్ళ దగ్గర విలువ పడిపోతుంది.

అసలు చూడాల్సింది అరుగుదలకీ మెరుపుకీ పొంతన కుదిరిందా లేదా అన్నది. చేతులు మారేకొద్దీ ముందు అరిగేవి రాణి చెంప, చెవి పైన జుట్టు పాయలు. టంకశాలలో అచ్చు దెబ్బకి వచ్చిన నిగనిగ కూడా అరిగిన చోటల్లా పోతుంది, పోయాక ఇక తిరిగి రాదు. అలాంటప్పుడు జుట్టు పాయలు చదునైపోయిన నాణెం కొత్త వెండి గిన్నెలా మెరుస్తోందంటే, ఆ మెరుపు టంకశాలది కాదు. చింతపండుతోనో, పళ్ళపొడితోనో, ఇత్తడి తోమే పొడితోనో ఎవరో తెప్పించినది. జూమ్ చేసి ముందు చెంప చూడండి, తర్వాతే మిగతావి.

తర్వాత అక్షరాల సందులు. ముట్టుకోని నాణెంలో పల్లాలు ముదురుగా, ఎత్తులు లేతగా ఉండి, ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కలిసిపోతుంది. తోమినదానిలో ఖాళీ జాగా అంతా తెల్లగా ఉండి, అక్షరాల మొదళ్ళలో మాత్రం మురికి గీత గీసినట్టు మిగిలిపోతుంది. సన్నటి గీతలు ఒకే వైపుకి సాగుతాయి. చేతుల్లో తిరిగితే పడే గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి.

నల్లగా ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. తోమాక మళ్ళీ నల్లబరిచినవీ అమ్ముతున్నారు. వాటిలో చెంపా సందులూ ఒకే నలుపు, పొడి రాసిన గీతల లోపల కూడా అదే నలుపు.

ఇవేవీ ఒక్క ఫొటోలో తేలవు. ఒకే బల్బు కింద నాణేన్ని మెల్లగా వంచుతూ చిన్న వీడియో తీసి పంపమనండి. టంకశాల నిగనిగ మిగిలి ఉంటే వెలుగు బండిచక్రం ఆకుల్లా నాణెం చుట్టూ తిరుగుతుంది. తోమినది జీవం లేకుండా తెల్లగా ఉండిపోతుంది, గీతలు బయటపడతాయి. వీడియో పంపనంటే ఆ బేరం వదిలేస్తాను. తూకం ఇక్కడ పనికిరాదు. తోమినా 11.66 గ్రాముల దగ్గరే ఉంటుంది కాబట్టి, అది నకిలీని పట్టుకోవడానికే.

నిజాం చార్మినార్ రూపాయికీ ఇదే లెక్క. మన ఇళ్ళ పెట్టెల్లోంచి వచ్చినవి అమ్మకానికి ముందు కంసాలి దగ్గర మెరుగు పెట్టించినవే ఎక్కువగా నా కంటపడ్డాయి. మీనార్ల చెక్కడం మెత్తబడి, బొమ్మలో చార్మినార్ వాకిట్లోని అక్షరం చుట్టూ తెల్లగా మెరుస్తుంటే, వెండి ధరకు మించి ఇవ్వను. ఆ ధరకే వస్తే, చూసుకోవడానికి ఒకటి కావాలనుకునేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

రాగి దగ్గర మాత్రం నేను మెత్తబడను. 1835 ఈస్టిండియా కంపెనీ పావు అణా చాక్లెట్ రంగులో ఉంటేనే అందం. తోమగా గులాబీ రంగు తేలినది సగం ధరకిచ్చినా వద్దు. వెండి మీద ఏళ్ళు గడిస్తే మళ్ళీ మంచి రంగు రావచ్చు, తోమిన రాగి మాత్రం మచ్చలు పడి వికారంగా తయారవుతుంది.

ఇక ఎన్‌జీసీ, పీసీజీఎస్ అని నాణేల్ని రుసుము తీసుకుని పరీక్షించి, చీటీతో ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసే సంస్థలున్నాయి. వాటి డబ్బాల్లో వచ్చేవాటికి ఇంత పరీక్ష అక్కర్లేదు, చీటీ పూర్తిగా చదివితే చాలు. కడిగినదైతే దాని మీదే రాసి ఉంటుంది. మామూలు రూపాయలకు అలా పరీక్ష చేయించే ఖర్చు దండగ.