కూకట్‌పల్లి క్లినిక్‌లో నాన్న పంటి ఇంప్లాంట్: నాలుగు స్టార్లు

నాన్నకి పైన కుడివైపు దవడ పన్ను పీకించి ఏడాది దాటింది. ఆ చోట ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించి పైన క్యాప్ పెట్టే స్క్రూ, వేయిద్దామనుకున్నాం. మొదట వెళ్లిన చోట (పేరెందుకులెండి) స్విస్ ఇంప్లాంట్ ఇంత, కొరియా ఇంప్లాంట్ ఇంత అని మెనూ కార్డులా చదివేసి, మూడు రోజుల్లో క్యాప్ కూడా పెట్టేస్తామన్నారు. ఎముక ఎలా ఉందండీ అంటే, అదంతా మేం చూసుకుంటాం సార్ అట. లేచి వచ్చేశాం.

ఇక్కడి డాక్టర్ గారు ముందు సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకని 3డీలో చూపించే ఎక్స్‌రే) తీయించి తెర మీద చూపించారు. పై దవడ వెనకవైపు ఎముక మామూలుగానే మెత్తగా, స్పాంజిలా ఉంటుందట. ఇంప్లాంట్ కోసం డ్రిల్‌తో వేసే కన్నం గట్టి ఎముకలో చిన్నదైతే ఇంప్లాంట్ బిగించేటప్పుడు ఎముక నలిగిపోతుంది, మెత్తటి దాంట్లో కన్నం పెద్దదైతే ఇంప్లాంట్‌కి పట్టే దొరకదు. నాన్న రిటైరైన ఎలక్ట్రీషియన్, వెంటనే అందుకున్నారు: "చెక్కకి స్క్రూ వేసే ముందు చిన్న బిట్టు వాడినట్టే కదా!" అంతే, ఇద్దరూ దోస్తులైపోయారు.

నాన్నకి వాడిన బర్‌ని (డ్రిల్ బిట్టుని) రివర్స్‌లో తిప్పారు. ఎముకని తవ్వి బయటికి తీసేయకుండా చుట్టూ గోడలకి నొక్కుకుంటూ పోతుందట, దాన్ని ఆసియోడెన్సిఫికేషన్ అంటారు. మొదటి పట్టు బాగా వస్తుంది గానీ తర్వాత అతుక్కోవడం ఒంటి పనేనని ఆయనే చెప్పారు, ఆ మాట నాకు నచ్చింది. డ్రిల్ మీద సెలైన్ ఆగకుండా పడుతూనే ఉంది, ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందట.

బిగించాక పెన్నులాంటి పరికరం దగ్గర పెడితే ఐఎస్‌క్యూ, అంటే ఇంప్లాంట్ ఎంత గట్టిగా నిలిచిందో చెప్పే అంకె, 68 వచ్చింది. 100కి లెక్క, 70 దాటితే గట్టి అన్నమాట. నెల తర్వాత చూస్తే 62! నాకు టెన్షన్. పాత ఎముక కరిగి కొత్తది పట్టే సమయంలో కాస్త తగ్గుతుందని డాక్టర్ గారు ముందే చెప్పారుగానీ, అంకె కళ్లముందు కనబడితే వేరు. నాలుగు నెలలకి 75, అప్పుడే క్యాప్ పెట్టారు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, పార్కింగ్ లేదు, 11 గంటల అపాయింట్‌మెంట్‌కి పన్నెండుంబావుకి పిలిచారు, స్కాన్‌కి వేరే డబ్బులని ముందు చెప్పలేదు.

నిన్న నాన్న సకినం కుడివైపు పెట్టి కొరకబోతుంటే అమ్మే లాక్కుంది.